నైలాను మడి

మా మేనత్త మడి కట్టుకుందంటే ఇక ఆవిణ్ణి ముట్టుకునే హక్కు పొయ్యికీ, నీళ్ళకీ, వంటగిన్నెలకీ తప్ప ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. డిగ్రీలో చేరడానికి రాజమండ్రి వచ్చి ఆవిడ ఇంట్లో దిగిన మొదటి వారంలోనే నాకా సంగతి తెలిసింది. ఒక పొద్దున్న మా అమ్మ గుర్తొచ్చి వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తున్నాను. అత్తయ్య గబగబా వచ్చి, మూరెడు దూరంలో టక్కున ఆగిపోయి, చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నిలబడింది. "మడిలో ఉన్నానే తల్లీ, ముట్టుకోకూడదు. వంటయ్యాక వచ్చి దగ్గర కూర్చుంటాను. అందాకా ఓర్చుకో" అంది. ఏడుపేమైనా పొయ్యి మీద పాలా, దించి పక్కన పెట్టుకోవడానికి? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటకి ఏడుపు దానంతటదే ఆగింది గానీ, మడి అనే మాట మీద కోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

అవి డెబ్భైల చివరి రోజులు. మావయ్యకి బజారులో బట్టల కొట్టుండేది. కొట్లో నూలు, పట్టు, నైలాను, పాలియెస్టరు ఒకే అరలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఇంటికొచ్చేసరికి వాటి మధ్య గోడలు లేచేవి. నూలుచీర మడికి పనికి రావాలంటే ముందురోజు తడిపి, కర్రతో ఎత్తి, ఎవరికీ అందని పైదండెం మీద ఆరెయ్యాలి. ఆరిన చీరని పొరపాటున ఎవరైనా తాకారా, మైల పడినట్టే. పట్టుకీ, ధావళి అనే ఉన్నిబట్టకీ ఆ బెడద లేదు. అవి ఎప్పుడూ మడే. వానాకాలంలో నూలుచీర ఆరకపోతే అప్పటికప్పుడు తడిపి, పిండి, ఆ తడిచీరే ఒంటికి చుట్టుకుని వంట చెయ్యాలి. తడిబట్టకి మైల లేదట. దగ్గు మాత్రం ఉంటుందని ఎవరూ రాసిపెట్టినట్టు లేదు.

అత్తయ్యది ఒట్టి చాదస్తమని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకంటూ ఒక పద్ధతి ఉండేదనిపిస్తుంది. ఒకసారి మావయ్య ముచ్చటపడి ప్లాస్టిక్ బకెట్టు తెచ్చాడు. అత్తయ్య దాన్ని వీధి గుమ్మంలోనే ఆపేసింది. "ఇది ఇత్తడా, రాగా, మట్టా? దేంతో చేశారో తెలీని దాంట్లో మడినీళ్ళు ఎలా పడతానండీ?" అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా బట్టలమ్ముతున్న మావయ్యకి గానీ, కెమిస్ట్రీ చదువుతున్న నాకు గానీ ఆ రోజు నోటికి సమాధానం రాలేదు. పాపం ఆ బకెట్టు పెరట్లో మందారాలకి నీళ్ళు పోసుకుంటూ బతికింది.

పట్టుచీర కట్టుకుంటే సరిపోయేదిగా అని మీరడగవచ్చు. కొట్టు నిండా పట్టుచీరలే. కాకపోతే నేను రాకముందు వాళ్ళిద్దరూ మైసూరు వైపు తీర్థయాత్రకెళ్ళినప్పుడు, మావయ్యకి సరుకు పంపే ఆసామి ఒకాయన మర్యాద కోసం వాళ్ళని పట్టుదారం తీసే చోటికి తీసుకెళ్ళాడట. పెద్ద బాణలిలో నీళ్ళు సలసల కాగుతున్నాయట. అందులో పట్టుగూళ్ళు తేలుతున్నాయట. లోపల పురుగులు బతికే ఉంటాయా అని అత్తయ్య అడిగితే, బతికుండగానే ఉడికించాలండీ, లేకపోతే దారం తెగిపోతుందని ఆయన సంబరంగా చెప్పాడట. అత్తయ్య ఇంటికొచ్చి గోదాట్లో మునిగి, మళ్ళీ పట్టు కట్టనని మొక్కుకుంది. పెళ్ళినాటి పట్టుచీర ఇనప్పెట్టెలో అడుగున పడుకుంది. ధావళి తగిలితే ఆవిడ ఒళ్ళంతా దద్దుర్లు. అలా మిగిలింది నూలొక్కటే.

నేను వచ్చిన రెండో ఏడు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. గోదారి ఎర్రగా, నిండుగా పోతోంది. ఇంట్లో ఉప్పు నీరయింది, అగ్గిపుల్ల గీస్తే వెలగడం మానేసింది, దండెం మీద చీరలు వారం గడిచినా చెమ్మగానే ఉన్నాయి. అత్తయ్య రోజూ తడిచీరలోనే వంట చేసింది. మొదట దగ్గు, తర్వాత ఆయాసం. అన్నం వార్చేటప్పుడు ఒక చేత్తో గోడ పట్టుకుని ఊపిరి ఎగపీల్చుకుంటుంటే ఆ చప్పుడు వీధి అరుగు దాకా వినపడేది. డాక్టరు గారు వచ్చి చూసి, "తడిబట్ట ఇంకొక్క రోజు ఒంటి మీద పడిందంటే నేను పూచీ కాదమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

"వంటమనిషిని పెడతానే" అన్నాడు మావయ్య.

"ఎవరో వండింది నేను తిననండీ."

"పోనీ అమ్మాయి మడి కట్టుకుని వండుతుంది."

అత్తయ్య అంత ఆయాసంలోనూ నవ్వింది. "దీని మడా! కాలేజీలో ఏ సీసా పడితే ఆ సీసా ముట్టుకొస్తుంది. ఏ చేత్తో బిందె ముంచుతుందో దానికే తెలీదు."

"నేను చచ్చినా తడిచీర కట్టను" అన్నాను నేను కూడా తగ్గకుండా.

అత్తయ్య డాక్టరు మాట విన్నట్టే విని తన దారి తను చూసుకుంది. తడిబట్ట కట్టదు కాబట్టి వండదు. వండదు కాబట్టి తినదు. మావయ్యకీ నాకూ నేను వండినదే సరిపెట్టి, తను మాత్రం పాలూ అరటిపళ్ళతో రోజులు నెట్టింది. మావయ్య రావులపాలెం సంత నుంచి గెలలకి గెలలు తెప్పించాడు. అరటిపళ్ళ మీద మనిషి ఎన్నాళ్ళుంటుంది? చేతి గాజులు మోచేతుల దాకా జారడం మొదలుపెట్టాయి. నాకు ఆవిడ మీద కోపమూ, ఆవిడ ఏమైపోతుందోనని భయమూ రెండూ ఒకేసారి వచ్చేవి. రాత్రుళ్ళు పక్కగదిలోంచి ఆవిడ ఊపిరి వినపడుతోందో లేదోనని చెవి ఒగ్గి పడుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే కాలేజీలో పాలిమర్ల పాఠం మొదలైంది. చిన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పొడుగాటి గొలుసు కడితే దాన్ని పాలిమర్ అంటారు. మా లెక్చరరు గారు బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకి గొలుసు గీసి, చోటు చాలక గోడ మీదికి కూడా వెళ్ళిపోయారు. గంజి, నూలు, జుట్టు, గోళ్ళు, పట్టు, రబ్బరు అన్నీ ప్రకృతి కట్టిన గొలుసులేనన్నారు. నైలాను, పాలిథీన్, పాలియెస్టరు మనిషి కట్టినవి. చివర్లో పట్టు గొలుసు కింద నైలాను గొలుసు గీసి, రెండింట్లోనూ కార్బన్, ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి వేసిన ముడి చుట్టూ సున్నాలు చుట్టారు. రెండింట్లోనూ ముడి ఒక్కటే. పక్కవాళ్ళు ఏం రాసుకున్నారో నాకు తెలీదు. నాకు బోర్డు మీద అత్తయ్య కనపడింది. పురుగుని చంపని పట్టు ఒకటుందన్నమాట!

ఇంటికొచ్చేసరికి అత్తయ్య నడవలో చాప మీద కూర్చుని దేవుడికి పూలు కడుతోంది.

"అత్తయ్యా, పట్టంటే ఏంటో తెలుసా?"

"తెలుసు. చూసొచ్చానుగా" అని మొహం తిప్పుకుంది.

"ఆ సంగతి కాదు. దాని లోపల ఏముంటుందో చెప్తాను. అది నువ్వు కడుతున్న కదంబం లాంటిది. మల్లె, మరువం, కనకాంబరం, దవనం ఎన్నో రకాలుంటాయి, ముడి మాత్రం ఒకటే. నైలాను కూడా అదే ముడి. కాకపోతే అందులో రెండే రకాలు. ఒక మల్లె, ఒక మరువం, మళ్ళీ ఒక మల్లె, ఒక మరువం."

అత్తయ్య చేతిలో దండని తిప్పి చూసింది. "మరి నూలో?"

"నూలు వేరు. అది పంచదార గింజల్లాంటి వాటిని గుచ్చిన దండ. అవే గింజల్ని ఇంకో రకంగా గుచ్చితే గంజి. నూలుచీరకి గంజి పెడితే అంత ఒద్దికగా పట్టడం వాటి చుట్టరికం వల్లే."

ఆవిడకి అది నచ్చింది. కాసేపు నవ్వుకుని, మళ్ళీ ఒక పువ్వు అందుకుంది. "అయితే ఆ ముడి ఉన్నది మడి, లేనిది మైల. అంతేనా నీ పాఠం?"

"అంతే! ధావళిలోనూ అదే ముడి!"

"మా అత్తగారికి నారబట్ట ఉండేది. ధావళితో సమానంగా చూసేది. నార చెట్టు నుంచే కదే వచ్చేది? దానికి నీ ముడి ఎక్కడిది?"

 నార, నూలు రెండూ ఒకే సెల్యులోజు, అవే పంచదార గింజల దండ. ఒకటి మడి, ఇంకోటి మైల ఎందుకయ్యాయో నా నోట్సులో ఎక్కడా లేదు. పాఠమంతా గుచ్చిన దండ తెగినట్టు ఒళ్ళో రాలిపోయింది. అత్తయ్య జాలిగా చూసి, "పోన్లే, ఇది చెప్పు. నైలాను దేంతో చేస్తారే?" అని అడిగింది.

"నేలబొగ్గు, గాలి, నీళ్ళు. ఈ మూడే మూలం అని పుస్తకంలో ఉంది" అన్నాను నీరసంగా.

పువ్వు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "ఏంటీ, మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"బొగ్గు, గాలి, నీళ్ళు" అని ఆవిడ మెల్లిగా ఒక్కొక్కటీ అనుకుంది. "ముట్టుకుంటే మైలపడేది అందులో ఒక్కటుందా? నిప్పుకి తిండి బొగ్గు. గాలికి మైలేంటి, గోదారికి మైలేంటి? ఈ మాట ముందే చెప్పొచ్చుగా, ఆ ముడులన్నీ ఎందుకే నాకు!"

అన్నేళ్ళుగా దేంతో చేశారో తెలీని వస్తువుని గుమ్మం దాటనివ్వని మనిషి, తెలియగానే తలుపు బార్లా తీసేసింది. అప్పటి నా సంతోషం ఇంతా అంతా కాదు. బకెట్టు గురించి కూడా అడుగుతుందేమోనని ఎదురు చూశాను గానీ, అడగలేదు.

సాయంత్రం మావయ్య గంధం రంగు నైలాను చీర తెచ్చాడు. కొట్లో ఆయనకో అలవాటుంది. కొనేవాళ్ళ ఎదుట కొంగు చివర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించి చూపిస్తాడు. పట్టయితే జుట్టు కాలిన వాసన, నూలయితే కాయితం కాలిన వాసన. ఇంట్లోనూ ఆ ముచ్చట తీర్చుకున్నాడు. నైలాను పోగు మంట తగలకముందే ముడుచుకుపోయి, కరిగి, చివర చిన్న గట్టి పూసయింది. మావయ్య దాన్ని అత్తయ్య అరచేతిలో పెట్టాడు. "చూశావా, నిప్పులో పడి కూడా బూడిదవ్వలేదు, పూసయింది" అని మెచ్చుకుంది అత్తయ్య. నేనూ మెచ్చుకున్నాను. ముగ్గురం ఆ పూసని వేళ్ళతో నలిపి చూశాం. అదేం చెబుతోందో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో మళ్ళీ అత్తయ్య వంట వాసన. తెల్లవారుజామున గోదారి నీళ్ళతో తడిపి దులిపితే, ఆవిడ స్తోత్రం చదవడం అయ్యేసరికి చీర ఆరిపోయేది. నైలాను నీళ్ళని దగ్గరికి రానివ్వదు. నూలు తాగినట్టు తాగదు. "నీళ్ళే పట్టనిదానికి మైల మాత్రం ఎలా పడుతుందే" అని ఆవిడ ఇంకో న్యాయం కూడా కనిపెట్టి నాకే వినిపించింది. అన్నం, పప్పు, పనసపొట్టు కూర కడుపునిండా తినేది. ఆయాసం తగ్గింది. వాన కురుస్తూనే ఉంది గానీ ఆవిడ ఊపిరి చప్పుడు వీధిలోకి రావడం మానేసింది. మావయ్య కొట్టుకి ఈల వేసుకుంటూ వెళ్ళేవాడు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక, మడి విడిచిన చీరని మడతపెట్టమని ఆవిడ నాకిచ్చింది. అంచు వెంట చెయ్యి జరుపుతుంటే వేలికి ఏదో గరుగ్గా తగిలింది. చూస్తే చిన్న చిల్లు. దాని చుట్టూ గసగసాలంత గట్టి పూసలు. ఇంకాస్త జరిపితే మరో చిల్లు. కుచ్చిళ్ళ దగ్గర చిల్లుల వరస ఉంది. అత్తయ్యది కట్టెల పొయ్యి. గ్యాసు మీద మడివంట చెయ్యనని ముందే చెప్పేసింది. కొబ్బరి డొక్కలు, సరుగుడు కర్రలు చిటపటమని రవ్వలు చిమ్ముతాయి. నూలుచీర మీద రవ్వ పడితే చేత్తో తట్టేస్తే పోతుంది. నూలు అంటుకున్నా బూడిదై రాలుతుంది. ఇది కరుగుతుంది. కరిగింది కరిగినట్టే ఒంటికి అతుక్కుని గట్టిపడుతుంది. ఆ రోజు అరచేతిలో పెట్టుకుని మెచ్చుకున్న పూస ఇప్పుడు నాకు అర్థమైంది. 

చీర పట్టుకుని పరిగెత్తాను. అత్తయ్య నడవలో నడుం వాల్చి ఉంది, మావయ్య పక్కన పేపరు చదువుతున్నాడు.

"ఇది కట్టుకుని పొయ్యి దగ్గరికెళ్ళకు అత్తయ్యా. మంట అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తుంది. లాగితే చర్మంతో సహా ఊడొస్తుంది."

ఆవిడ కంగారు పడలేదు. "తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

కాలు కొంచెం ముందుకు చాపి, చీర కుచ్చిళ్ళు పైకి జరిపింది. మడమ పైన మినపగింజంత నల్లటి పుండు. మధ్యలో ఏదో గట్టిగా మెరుస్తోంది. "మొన్న రవ్వ పడింది. గీకితే రాలేదు, వదిలేశాను."

మావయ్య పేపరు పక్కన పడేసి దగ్గరికి జరిగాడు. జీవితమంతా పోగులు కాల్చి చూపించిన మనిషి ఆ పుండు మీదికి వంగి చూశాడు.

"మరి చెప్పలేదేం?" అని అరిచాను.

"చెప్తే మానెయ్యమంటావుగా" అంది అత్తయ్య. తర్వాత నా వైపు కాకుండా పైన దండెం వైపు చూస్తూ అంది: "ఊపిరాడుతోందే నాకు. ఎన్నాళ్ళకో ఆడుతోంది. దేవుడికి నా చేత్తో ఇంత వండి పెట్టుకుంటున్నాను. రవ్వలదేముంది, జాగ్రత్తగా ఉంటే సరి."

ఆ మాటతో నా కోపం ఎవరి మీద చూపించాలో తెలీలేదు. ఆవిడకి నిప్పూ తెలుసు, ఊపిరీ తెలుసు. రెండింట్లో ఏది కావాలో తనే తూచుకుంది. బొగ్గూ గాలీ నీళ్ళూ అని పాఠం చెప్పినదాన్ని నేను, పాఠంలో మిగిలిన సగం కాలి మీద నేర్చుకున్నది ఆవిడ. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అరిచాను.

"నువ్వు ఈ చీరే కట్టుకో. కట్టుకుని గుమ్మం దగ్గర కూర్చో. పొయ్యి దగ్గర నేనుంటాను. తడిచీర నేను కడతాను. నాకు ఆయాసం లేదుగా!"

 చచ్చినా కట్టనన్న మాట నాకు గుర్తుంది, ఆవిడకీ గుర్తుంది. దీని మడా అని నవ్విన సంగతి కూడా ఇద్దరికీ గుర్తుంది. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. ఒప్పుకున్నానని అనలేదు.

"బిందె ఎడం చేత్తో ముంచకు" అంది.

మర్నాడు తెల్లవారుతుండగా నూతి దగ్గర తలారా నీళ్ళు పోసుకుని, అత్తయ్య నూలుచీర తడిపి పిండి చుట్టుకున్నాను. అబ్బ, ఆ చలి! చీర ఒంటికి అంటుకుపోయి, అడుగు తీసి అడుగు వెయ్యనివ్వలేదు. తాగిన నీళ్ళన్నీ నా కాళ్ళ మీదికి వదులుతోంది. ఇదే చీరతో, ఇదే చలిలో, ఆ ఆయాసంతో ఆవిడ ఇన్ని వానాకాలాలు ఎలా వండిందో అప్పుడు తెలిసింది. అంతకు ముందు నాకు తెలిసిందంతా మడి మీద నా కోపమే. పళ్ళు టకటక కొట్టుకుంటుండగా పొయ్యి వెలిగించాను. అత్తయ్య రవ్వలు అందనంత దూరంలో, గుమ్మానికి ఇవతల పీట మీద, పొడిగా, గంధం రంగు నైలాను చీరలో కూర్చుని వంట చెప్పింది. పప్పులో ఉప్పు ఇప్పుడు కాదు. ఎసరు పొంగుతోంది, మూత తియ్యి. గరిట నేల మీద పెట్టకు. నేను విసుక్కుంటూనే అన్నీ చేశాను.

అన్నం వార్చి దించాక, నైవేద్యానికి గిన్నె తీసుకుని గుమ్మం దగ్గరికొచ్చాను. అలవాటు కొద్దీ మూరెడు దూరంలో ఆగిపోయాను. తల నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"ఇలా రావే, జలుబు చేస్తుంది" అంది అత్తయ్య.

"మడిలో ఉన్నావుగా, ముట్టుకోకూడదు" అన్నాను కొంచెం వెటకారంగానే.

"నువ్వూ మడే, నేనూ మడే. మనిద్దరికీ ఏ అడ్డూ లేదు, రా."

నాకు అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు. గిన్నె పక్కన పెట్టి ఆవిడ ముందు కింద కూర్చున్నాను. ఆవిడ నా తల తన ఒళ్ళోకి లాక్కుని, కొంగు తీసి తుడవడం మొదలుపెట్టింది. నైలాను కొంగది. నీళ్ళు పీల్చదు. ఎంత తుడిచినా నీళ్ళు ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుగుతున్నాయే తప్ప జుట్టు ఆరడం లేదు. ఆ మాట చెబుదామని నోటి దాకా వచ్చింది. చెప్పకుండా, ఆవిడ చెయ్యి ఆగేదాకా అలాగే కూర్చున్నాను.